పంచాయతీ గోడ మీద నలుగురు పెద్దలు

జనవరి 12
పంచాయతీ ఆఫీసు గోడకు సున్నం ఆరింది. దేశాన్ని నిలబెట్టిన పెద్దలు నలుగురిని అక్కడ గీయించాలని నా చెల్లెలు పద్మ పట్టు. తను సర్పంచ్ అయ్యాక మొదటి జెండా పండుగ ఇదే. మడకశిర నుంచి చిత్రకారుణ్ని పిలిపించింది. గుళ్లకు బొమ్మలు వేసే మనిషి. నెమ్మదస్తుడు.

జనవరి 17
గోడ మీదికి నీలం కోటు వచ్చింది. గులాబీ, శాలువా, చేతికర్ర కూడా. ముఖాల్లో కళ్లు మాత్రం లేవు... తెల్లటి ఖాళీలు.
"కండ్లు ఆఖరుకేనమ్మా. దేవునికైనా అంతే, పెద్దమనిషికైనా అంతే. మంచి గడియ చూసి, టెంకాయ కొట్టి తెరవాల" అన్నాడు చిత్రకారుడు.
పద్మ సరేనంది. ఇరవై అయిదున కళ్లు తెరుస్తామని ఊరంతా దండోరా వేయించింది. అక్కడే తప్పు జరిగింది.

జనవరి 19
ముందు ఎవరి కళ్లు?
పై వీధివాళ్లు — "మొదట దేశాన్ని ఏలినాయన గులాబీ ఆయప్ప. ఆయనకే ముందు."
కింది వీధివాళ్లు — "నీలం కోటు ఆయప్ప రాజ్యాంగం రాయకుంటే మీ పంచాయతీ యాడిది? సర్పంచమ్మ యాడిది?"
పద్మ వచ్చింది. సంగటి ముట్టలేదు. "ఒగ వీధోళ్లు రాకున్నా నేను జెండా తాడు పట్టనక్కా. రాజీనామా రాసిచ్చి ఇంట్లో కూర్చుంటా."

జనవరి 20
దీపం పెట్టాను. దేవుణ్ని ఏమీ అడగలేదు.

జనవరి 21
బడిలో నాయన పాఠం చెప్పేటప్పుడు అనేవాడు — ఆ పెద్దలకూ ఒకరి మాట ఒకరికి సరిపడేది కాదని. అయినా సభ మధ్యలో లేచి వెళ్లిపోలేదని. పద్మతో అదే అన్నాను.
"వాళ్లు చదువుకున్నోళ్లక్కా. ఈళ్లు కూర్చుంటారా?"
"గోడ ముందరే కూర్చోబెట్టి చూడు."

జనవరి 24
కూర్చున్నారు. అరుపులు. నలుగురికీ ఒకేసారి తెరవమన్నారు ఎవరో.
"నాకుండేది ఒగటే కుడిచెయ్యి గదన్నా" — చిత్రకారుడు.
గొర్రెలు మేపే తిమ్మక్క విసుగెత్తి — "నలుగురికీ నల్లద్దాలు పెట్టెయ్యప్పా, పీడా పోతాది!"
రెండు వైపులా నవ్వారు. పద్మ కూడా... అయిదు రోజుల్లో మొదటిసారి. ఆ పైన మళ్లీ అరుపులే.

జనవరి 25
గడియ దాటిపోయింది. టెంకాయ కొట్టలేదు. పద్మ రాజీనామా కాగితం రాసి తెచ్చింది. చదవలేదు నేను. దేవుడి పటం కింద పెట్టమన్నాను, రేపటి దాకా.

జనవరి 26
ఎండ పడకముందే రెండు వీధులూ వచ్చి నిలబడ్డాయి. భక్తి ఏమీ కాదు — తాము లేనప్పుడు అవతలివాళ్లు కళ్లు తెరిపించేస్తారని. ఏమైతేనేం. పద్మ తాడు లాగింది. జెండా ఎగిరింది.
పాట అయ్యాక ఎవరూ ఇళ్లకు పోలేదు. గోడ ముందు మళ్లీ కూర్చున్నారు. బొమ్మల కళ్లు ఇంకా తెల్లటి ఖాళీలే.
టీ పెట్టమని పద్మ కబురు. రాజీనామా కాగితం ఊసే లేదు. ఎంతమందికని అడిగించాను.
"లెక్క తెలీదంట. ఎవరూ లేసేటట్టు లేరంట" అన్నాడు కబురు తెచ్చిన పిల్లాడు.
పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టాను.