మల్లేశన్న నవ్వు

గురువారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. ఇవాళ నాకు వీక్లీ ఆఫ్. ఉప్పల్ రోడ్డు మీద తెలంగాణ కోసం వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీదే పొయ్యిలు, అక్కడే బంతి భోజనాలు. జనం తమ లోకంలో తాము ఉంటే ఫోటోలు తీస్తూ నేను తిండి సంగతే మరిచిపోయాను.

ఆ ఫోటోల్లో ఒకటి మా ఫ్యాక్టరీ మల్లేశన్నది. చేతిలో గరిటె, పొగకు మూసుకున్న కళ్లు, నోరంతా నవ్వు. నాచారంలో ఇన్నేళ్లు పక్కపక్కనే పనిచేసినా ఆ నవ్వు నేనెరగను.

కానీ ఆయన ఇవాళ జ్వరమని డ్యూటీకి సెలవు పెట్టాడు. నేను అక్కడ ఫోటోలు తీశానని ఎవరు చెప్పారో, సాయంత్రం మేనేజర్ ఫోన్ చేశాడు. "ఫోటోలు బాగా తీస్తావట కదా. రేపు కెమెరా పట్టుకురా, చూద్దాం."

ఆ ఫోటో చెరిపేద్దామని మల్లేశన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"నవ్వుడు మంచిగ వచ్చిందా?"

"మస్తు వచ్చిందన్నా."

"గట్లయితే డిలీట్ జెయ్యకు. మా ఇంట్ల నేను నవ్వే ఫోటో ఒక్కటి గూడ లేదు."

ప్రింటు తీయించి చెరిపేద్దామంటే, స్టూడియో తెరిచే వేళకు నేను డ్యూటీలో ఉంటాను. కెమెరా మరిచిపోయానంటే మేనేజర్ నమ్ముతాడా...

దిండు కింద నుంచి కెమెరా మళ్లీ తీసి ఆ ఫోటో చూశాను. ఎటు తిప్పి చూసినా అది జ్వరం వచ్చిన మనిషి ముఖం కాదు.