కళ్లు మూయని ఒడ్డు

మామా,

నువ్వెళ్లిన పడవ ఇంకా ఒడ్డుకు రాలేదు. ఇవాళ్టికి ఏడాది. నాకు నిద్ర పట్టడం లేదని, ధ్యానం నేర్పే స్వామి ఒకాయన మన ఊరికి వస్తే అత్తే నన్ను తీసుకెళ్లింది. ఆయన పొద్దున్నే అందరినీ సముద్రం వైపు తిప్పి ఇసుకలో కూర్చోబెట్టారు.

"కళ్లు మూసుకుని ఊపిరిని గమనించు తల్లీ, దుఃఖం తేలికవుతుంది" అన్నారు.

నా వల్ల కాలేదు. మొగుడి పడవ నీళ్ల మీదుండగా ఆడది ఒడ్డున కూర్చుని కళ్లు మూయకూడదని, నేను కాపురానికొచ్చిన రోజే చెప్పింది అత్త. ఏం చేయాలో తోచక ఆమె వైపు చూశాను. ఆమె కళ్లూ తెరిచే ఉన్నాయి.

"నువ్వు మూసుకోమ్మా. వాడొచ్చేది నేను చూస్తా ఉంటాలే" అంది.

అప్పుడూ మూయలేకపోయాను, మామా.