మూడు రోజులకే సరిపోయిన అబద్ధం

మార్చి 4
పదిన్నరకల్లా ఇంటికి. గర్భసంచి ముఖద్వారం దగ్గర, కణాలు చెడిన చోట, చిన్న ముక్క కోసి తీశారు. ఇరవై నిమిషాల పని. నర్స్ ఇచ్చిన కాగితం బట్టల క్లాజెట్ తలుపుకి లోపలివైపు అంటించాను. నాలుగు వారాలు బరువులెత్తకూడదు. జ్వరం 100.4 దాటినా, వాసన వచ్చినా ఫోన్ చెయ్యాలి.
ఈయన— "అమ్మకి చెప్పకు. క్యాన్సర్ అనుకుని ఇల్లు పీకి పందిరేస్తుంది."
అత్తయ్యకి బయట చేరానని చెప్పాను. "సరే, పైగదిలో పడుకో. వంట నేను చూస్తా."

మార్చి 5
నల్లగా, నీళ్ళలా. ప్యాడ్లు మూడు. పొద్దున 98.2, సాయంత్రం 98.6.

మార్చి 6
గుమ్మం దగ్గర పళ్ళెం పెట్టి వెళ్తున్నారు అత్తయ్య. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఇంత విశ్రాంతి ఎరగను.

మార్చి 7
నాలుగో రోజు. తలుపు బయటనుంచి— "నీళ్ళోసుకున్నావా? రేపు మీ ఫ్రెండ్స్ వస్తున్నారుగా, పిండి రుబ్బాలి."
నా అబద్ధం మూడు రోజులకే సరిపోతుందని అప్పుడు తట్టింది. తలస్నానం. గ్యారేజ్‌లోంచి ఇరవై పౌండ్ల బియ్యం సంచి. గ్రైండర్ రాయి ఎత్తి కడిగాను. ఈయన ఆఫీస్‌లో.

మార్చి 8
మళ్ళీ ఎర్రగా. పొత్తికడుపులో నొప్పి. మొదటి రోజునుంచీ నొప్పి మాత్ర— ఆరు గంటలకోసారి, టైమ్ తప్పకుండా.
ఫ్రెండ్స్ పిల్లలు— "దోసెలు సూపర్, ఆంటీ!" నవ్వాను. నిలబడే ఉన్నాను, కూర్చుంటే లేవలేనని.

మార్చి 10
వాసన. కడుక్కున్నా పోదు. కానీ నా పుస్తకంలో ఒక్కసారీ 99 దాటలేదు... అంకెలు బాగున్నాయి కదా అనుకున్నాను.

మార్చి 11
వణుకు. క్లినిక్‌కి ఫోన్ చేసి అంకెలన్నీ వరసగా చదివాను. నర్స్ ఒక్కటే అడిగింది— మాత్రకి ముందు చూశారా, తర్వాతా?
తర్వాతే. అన్నీ.
ఆ మాత్ర జ్వరాన్ని కూడా దించేస్తుందట. ఇన్నాళ్ళూ శ్రద్ధగా రాసుకున్నది నా జ్వరం కాదు.
వెళ్ళి చూపించుకున్నాను. ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ రెండు వారాలు.

మార్చి 13
డాక్టర్ ఫోన్. క్యాన్సర్ లేదు. కానీ తీసిన ముక్క అంచుల దాకా ఆ కణాలున్నాయి. మళ్ళీ కొయ్యాల్సి రావచ్చు. ఇన్ఫెక్షన్ తగ్గేదాకా ముట్టుకోరు.
ఈయన— "మైనర్ అన్నారు కదా." ఎవరితో అంటున్నారో.

మార్చి 14
ఎమర్జెన్సీలో, పిలుపు కోసం కూర్చుని.
పొద్దున మాత్రకి ముందు 102.6. గంటకో ప్యాడ్. ఈయన కారు బయటికి తీస్తుంటే, మెట్ల మీద కూర్చుని అత్తయ్యకి చెప్పేశాను. అంతా. తిడతారనుకున్నాను.
"నాలుగో రోజున నేనే లేపాను కదే నిన్ను..."
నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు.
"మా చెల్లెలూ ఇంతే. ఎవరికీ చెప్పలేదు."
అత్తయ్యకో చెల్లెలుందనే నాకు తెలీదు. "ఏమైంది ఆవిడకి?"
నా చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టారు.
"లే. ముందు కారెక్కు."