కూతురి పాట, నా మూతి

సోమవారం
నేటి నుంచి నా నోటికి తాళం! పళ్ళ డాక్టర్ని. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించేవాణ్ణి, నాది మూసుకోవడం ఎంత పని?

సంగతేమిటంటే, నా ప్రాణం లాంటి పాత ఇంగ్లీషు సోల్ పాటను మా అమ్మాయి కొత్తగా పాడింది. అసలు పాట పాడిన మహానుభావుడు 'పోవద్దే' అని గొంతు చించుకుంటాడు. వెనక బాకాలు! ఆ పాట వినిపించి మా ఆవిణ్ణి పెళ్ళికి ఒప్పించాను. అమ్మాయి పాటలో ఒక్క గిటారు. అంతే. "జోలపాటలా ఉందే" అన్నాను. అలిగింది.

ఆదివారం కాఫీషాపులో పాడుతుందట. "మనసారా వినేట్టయితే రండి నాన్నా. అసలు పాట ఊసెత్తేట్టయితే ఇంట్లోనే ఉండండి."

ఎత్తను. కన్నకూతురి కంటే బాకాలు ఎక్కువా!

మంగళవారం
క్లినిక్‌లో పొద్దుటి నుంచీ స్పీకర్లో అమ్మాయి రికార్డు చేసిన పాటే. ఎంత శాంతం! బాకాలు లేకపోతేనేం, నా డ్రిల్లు ఉంది.

బుధవారం
పన్ను పీకించుకోవడానికి వచ్చిన బస్సు డ్రైవరుకు అసలు పాట గొప్పతనం కాస్త చెప్పాను. నోరు తెరుచుకుని ఉన్న మనిషికి చెప్పింది లెక్కలోకి రాదు.

"ఆయన మూలుగుతున్నది పంటికి కాదు డాక్టరుగారూ" అంది నర్సు.

గురువారం
డ్రైవరు కుట్లు చూపించుకోవడానికి వచ్చాడు. కళ్ళ వెంట నీళ్ళు. నొప్పేమోనని నోరు మొద్దుబారే ఇంజెక్షన్ పొడిచాను. పాపం, నాలిక తిరక్క స్పీకరు వైపు వేలు చూపించాడు. "పాతండీ... పాత..." ఏడుపు పాటకట!

బాకాలు లేని పాటకు ఏడుస్తాడా? ఒళ్ళు మండింది.

శుక్రవారం
భోజనాల దగ్గర నోటితో బాకా ఊదానట. నాకు తెలియనే తెలియదు! అమ్మాయి కంచంతో సహా గదిలోకి వెళ్ళిపోయింది.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంది మా ఆవిడ.

శనివారం
తట్టింది! మొద్దు ఇంజెక్షన్!

ఆదివారం
నర్సు అద్దం పట్టుకుంది. నా దవడకు నేనే పొడుచుకున్నాను. నాలిక కదిలితే కదా కూసేది! నర్సు దణ్ణం పెట్టింది. నాకా, దేవుడికా, తెలియదు.

కాఫీషాపులో ముందు వరసలో కూర్చున్నాను. అమ్మాయి పాడింది. అవే మాటలు. ఆయన పాడితే పోయేవాళ్ళ కాళ్ళు పట్టుకున్నట్టుంటుంది. ఇది పాడితే, పోయేవాళ్ళకు తనే తలుపు తీసి పట్టుకున్నట్టుంది. ఇన్నేళ్ళు విన్నాను, ఆ మాటల్లో ఇంత ఉందని నాకు తెలియదు. ఏడ్చేశాను.

పాట అయ్యాక నేరుగా నా దగ్గరికే వచ్చింది. నవ్వాను. మూతి ఎడమపక్కకు పోయింది! "బావుంది" అనబోతే "బ్యా" అని వచ్చింది.

"ఇక్కడిక్కూడా వచ్చి మూతి వంకరలేనా నాన్నా?" వెళ్ళిపోయింది.

సోమవారం
మూతి తిన్నగానే ఉంది. ఇంట్లో పరిస్థితే బాగాలేదు. అమ్మాయి గది తలుపు కొట్టి, ఇంజెక్షన్ సంగతి చెప్పుకున్నాను.

"నిన్న ఏడ్చాను తల్లీ."

"చిగుళ్ళ నొప్పికి అయ్యుంటుంది."

"కాదు, నీ పాటకే. చాలా బావుంది. కాకపోతే రెండో చరణంలో ఊపిరి తొందరపడి తీసుకున్నావు..."

చచ్చాను. నాలిక కరుచుకున్నాను. అమ్మాయి నన్నే చూస్తోంది.

"అంటే నిజంగానే విన్నారన్నమాట" అని గిటారు తీసింది. "ఉండండి, సరిచేసి పాడతాను."

పాడింది. రెండో చరణం అమోఘం! నా పెదాలు వాటంతటవే సున్నాలా చుట్టుకున్నాయి. రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

పాట ఆపకుండానే కళ్ళతో నవ్వింది. చరణాల మధ్య అంది, "ఊదండి నాన్నా. కాస్త మెల్లగా."

ఊదాను.

రేపటి నుంచి మాత్రం నోటికి తాళం. ఖాయం!