పడవ పిల్ల మాటలు

చిరంజీవి మనుమరాలికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు క్షేమం, కళ్ళు క్షేమం. మేడమెట్లు ఇరవై రెండూ రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాను. హాస్టల్లో నువ్వు క్షేమమని తలుస్తాను. క్షేమసమాచారాలు ఇంతటితో సరి. ఇక మిగిలినది నా కోపం. అది ఈ ఉత్తరం పొడుగునా ఉంటుంది కనుక మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చో. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావేమో. ఫోనులో అయితే మధ్యమధ్య “అయ్యో అమ్మమ్మా” అంటావు. ఆ “అయ్యో” నాకు అక్కరలేదు.

ముందుగా మీ అమ్మ నీచేత అడిగించిన ప్రశ్నకు జవాబు: రాను. నా వంటింట్లో గరిటె ఎక్కడుందో నాకు తెలుసు. మీ ఇంట్లో అయితే అడిగి తీసుకోవాలి. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాక గరిటె కోసం అర్జీ పెట్టుకునే ఓపిక నాకు లేదని మీ అమ్మతో చెప్పు. మెత్తగా మార్చి చెప్పకు, ఇవే మాటల్లో చెప్పు.

నీ రెండో ప్రశ్న, బి.ఏ. చదివినదానివి బొమ్మల పుస్తకాల కంపెనీలో ఎందుకు చేరావని. సరిగ్గా ఇదే మాట మా నాన్న అడిగారు. “డిగ్రీ చదివింది బుడగల్లో అక్షరాలు నింపడానికా?” అన్నారు. బొమ్మల కథలు కూడా సాహిత్యమేనని ఇప్పుడు మీ ప్రొఫెసరుగారు సెలవిచ్చారట. సంతోషం. ఆ ముక్క నాకు ఇరవై తొమ్మిదో ఏటనే తెలుసు. బొమ్మ పక్కన మాటలు వ్రాసే వేలెడంత బుడగలో ఒక మనిషి దుఃఖాన్ని ఇమడ్చవలసి వచ్చినప్పుడు ఎవరికైనా తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. బొమ్మల పుస్తకాలు చదివి “నాకేమనిపించింది” అని క్లాసుకు వ్రాసిన వ్యాసం నకలు నాకు పంపావు. మీ కాలేజీ లైబ్రరీలో ‘పడవ పిల్ల’ నలభై ఎనిమిది సంచికలూ బైండు కట్టించి ఉండటం, అమ్మమ్మ పనిచేసిన పుస్తకమని నువ్వు వాటినే ఎంచుకోవడం బాగానే ఉంది. ఆ బొమ్మల్లో వాన చూస్తే ఒళ్ళు తడిసినట్లుందన్నావు. అదీ నిజమే. తరువాత ఇలా వ్రాశావు: “ఈ పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించింది. పేరేమో పడవ పిల్లది. మాటలన్నీ వాళ్ళ నాన్నవి. ఆ పిల్ల ‘నాన్నా’, ‘జాగ్రత్త’, ‘సరే’ తప్ప ఏమీ అనదు. పంతొమ్మిదో సంచికలో తండ్రి ఆమెను ఒడ్డున వదిలేసి తమ్ముణ్ణి పడవెక్కించుకుంటాడు. ఆమె ‘సరే నాన్నా’ అంటుంది. నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. దీన్ని రాసిన పెద్దమనిషి జన్మలో ఒక ఆడమనిషి మాట్లాడగా విని ఉండడు.”

ఆ కిందనే మరో వాక్యం. “అక్షరాలు మాత్రం ముత్యాలు. మా అమ్మమ్మవి.”

ఆ వాక్యం చదివి కాగితం బల్లమీద బోర్లించి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. వచ్చి మళ్ళీ చదివాను. పక్కన చిన్న అక్షరాలతో నాకోసం వ్రాసిన ఓదార్పు అప్పుడు కనిపించింది: “నువ్వేం చేస్తావులే అమ్మమ్మా, ఉద్యోగం కదా, వాళ్ళు రాయమన్నది రాశావు.”

నన్ను ఇంతగా అవమానించినవారు ఈమధ్య లేరు. నేనా? చెప్పింది చేసేదాన్నా?

వచ్చే గురువారం మీ కాలేజీలో సభ ఉందనీ, ఆ కథలు వ్రాసిన మాస్టారే ముఖ్య అతిథి అనీ, వేదికమీద ఈ వ్యాసం నువ్వు చదువుతావనీ, చివర ఆయన ముఖాన్నే “మీ ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడరా మాస్టారూ?” అని అడగబోతున్నావనీ వ్రాశావు. ఆ ప్రశ్నకు స్నేహితులందరూ చప్పట్లు కొట్టారట. ఎనభై నాలుగేళ్ళ మనిషి, జీవితమంతా బడిపిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రాలు కథలు వ్రాసుకున్న మనిషి, నిండుసభలో ఆ మాట పడాలా? ఆ పిల్ల నోరు ఎవరు నొక్కారో నువ్వు విచారించావా? మాటలు ఒకరు వ్రాస్తారు, బొమ్మ ఒకరు వేస్తారు, అక్షరాలు ఒకరు దిద్దుతారు. ముగ్గురి చేతులు పడిన పేజీ చూసి ఒకడికే శిక్ష వేశావు. చదువుకునే పద్ధతి ఇదేనా?

మా ఆఫీసు గదిలో పని ఎలా జరిగేదో చెబుతాను, విను.

మాస్టారు పేజీ పేజీకీ మాటలు వ్రాసి పంపేవారు. చిత్రకారుడు బొమ్మలు వేసి, మాటల కోసం బుడగలు ఖాళీగా వదిలేవాడు. వాటిలో నేను సిరాతో అక్షరాలు దిద్దేదాన్ని. మన అక్షరాలకు పైన గుడులుంటాయి, కింద ఒత్తులుంటాయి. వరుసకూ వరుసకూ నడుమ ఊపిరి ఆడాలి. మాటలు పట్టకపోతే కొన్ని కొట్టివేయాలి. ఏవి కొట్టివేయాలో తేల్చడం నా పని. మాస్టారు పంపిన కాగితం మీదనే నీలం పెన్సిలుతో గీసేదాన్ని.

చిత్రకారుణ్ణి మేమంతా జడల సారు అనేవాళ్ళం. పడవ పిల్ల జుట్టు మీద ఆయనకు అంత మోజు. బొమ్మ వేసే గడి నిండా దాని జుట్టు ఎగరేసి, మూలన చింతగింజంత బుడగ వదిలేవాడు.

“జడల సారూ, ఈ పిల్ల ఎక్కడ మాట్లాడాలి? జడలోనా?” అన్నాను ఒకసారి.

“దాని నోరే చిన్నదమ్మా. ఆ పెదాలు చూడండి, ఎంత కుదిరాయో! వాటిమీదికి మీ నల్లసిరా తెచ్చారంటే మీకు పాపం చుట్టుకుంటుంది.”

గదంతా నవ్వింది. సంపాదకుడు తన బల్ల దగ్గరనుంచే, “కొయ్యండమ్మా, కొయ్యండి. మాస్టారికి గడి ఇస్తే గ్రంథం రాస్తాడు. మీ చెయ్యి మీద నాకు నమ్మకం” అన్నాడు.

నేనూ నవ్వాను. కోశాను.

ఇక్కడితో ఆపితే నీ ఓదార్పు నిజమే అవుతుంది. చిత్రకారుడు చోటివ్వలేదు, సంపాదకుడు కొయ్యమన్నాడు, పాపం అమ్మమ్మ ఏం చేస్తుంది! నలభై ఏళ్ళకు పైగా నేనూ నాకు ఇదే చెప్పుకున్నాను. నీ చిన్న అక్షరాలు చదివిన తరువాత ఆ అబద్ధం ఇక గొంతు దిగడం లేదు.

పడవ తండ్రి మాటలు బుడగలో పట్టనప్పుడు నేనేం చేసేదాన్నో తెలుసా? తెల్ల కాగితం కత్తిరించి బొమ్మమీద అతికించి బుడగను పెద్దది చేసేదాన్ని. ఆకాశం పోయినా సరే, తెరచాప సగం పోయినా సరే. జడల సారు లబోదిబోమనేవాడు. “మీ మబ్బు వెనక్కి జరగాలి, మాట ముందుకు రావాలి” అనేదాన్ని. ఒక్కనాడూ ఆయన నా మాట కాదనలేదు, సంపాదకుడు నన్ను ఆపలేదు. కత్తెర నా చేతిలోనే ఉండేది. నలభై ఎనిమిది సంచికల్లో ఆ పిల్ల కోసం ఒక్కసారైనా, ఒక్క అంగుళమైనా కాగితం అతికించలేదు.

ఎందుకు? ఆ గదిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఆ పిల్ల బుడగ పెంచితే “చూశారా, తన జాతిని వెనకేసుకొస్తోంది” అని ఎవడో ఒకడు అంటాడని. ఎవడూ అనలేదు. అంటాడేమోనని నేనే ముందుగా కోసేశాను. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే సంపాదకుడు నన్ను చూపించి, “మా గదిలో పదకొండుమంది మగాళ్ళం. ఈవిడ పన్నెండో మగాడు” అనేవాడు. అది విని పొంగిపోయేదాన్ని. ఇంటికి వచ్చి మీ తాతయ్యకు చెప్పుకున్నాను కూడా. ఆయన అన్నం తింటూ తలెత్తి, “అది పొగడ్తా?” అన్నారు. రెండురోజులు ఆయనతో మాట్లాడలేదు.

పంతొమ్మిదో సంచిక వెలువడిన వారానికి మాస్టారి దగ్గరనుంచి కార్డు వచ్చింది. “అమ్మా, నమస్కారం. నన్ను పెంచిన మా అక్క ప్రతి సంచికా చదువుతుంది. పడవ పిల్ల మాటలు చాలావరకు ఆమె నోటివే. ఒడ్డున ఆ పిల్ల తండ్రితో అన్న మాటలు ఏమైనాయని అడుగుతోంది. ఏమని చెప్పమంటారు?”

జవాబుగా నేను వ్రాసినది ఒకటే మాట. “స్థలాభావం.” కింద సంతకం. ముత్యాల్లాంటి అక్షరాలతోనే వ్రాశాను.

ఆయన మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడి ఉండేదాన్ని. పోట్లాటలో ఏదో ఒకటి తేలి ఉండేది. ఆయన అంతకంటే ఘోరమైన పని చేశారు. ఇరవయ్యో సంచిక నుంచి ఆ పిల్ల మాటలు తానే తగ్గించి వ్రాయడం మొదలుపెట్టారు. మొదట రెండు వాక్యాలు, తరువాత ఒకటి, తరువాత రెండు మాటలు. నా పెన్సిలుకు పని లేకుండా పోయింది. “మాస్టారికి ఇప్పటికి పని తెలిసివచ్చింది” అని గదిలో అందరితో అన్నాను. నలభై ఎనిమిదో సంచిక కాగితాల్లో ఆ పిల్ల మాట ఉండవలసిన చోట మాట లేదు. పక్కన, “అమ్మా, ఇక్కడ ఎంత చోటుంటే అంత మీరే వ్రాయండి” అని ఉంది.

అది కోపమో, మర్యాదో, అలసటో ఈనాటికీ నాకు తెలియదు. మధ్యాహ్నమంతా ఆ బుడగ ముందు కూర్చుని “సరే” అని వ్రాశాను. నువ్వు గోడకేసి కొట్టాలనుకున్న పుస్తకంలో చివరి మాట ఆ పెద్దమనిషిది కాదు, నాది.

పంతొమ్మిదో సంచిక కాగితం నా దగ్గర ఉంది. ఉద్యోగం మానిననాడు అన్నీ చెత్తలో పడేసి అదొక్కటి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో ఏనాడూ ఆలోచించలేదు, ఎవరికీ చూపలేదు. ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాస్తున్నాను:

“నాన్నా, పొగమంచులో రాళ్ళ మధ్యనుంచి పడవను తెచ్చింది ఎవరు? నువ్వు జ్వరంతో పడున్నావు, తమ్ముడు నిద్రపోయాడు. చుక్కాని పట్టింది నేను. తెల్లారాక నువ్వు వాడి భుజం తట్టావు. ఒడ్డుకు చేరాం కదా, అదే చాల్లే అనుకున్నా. చాల్లేదు నాన్నా. ఇక్కడ కూర్చుని మీరొచ్చేదాకా రోజులు లెక్కపెట్టడం నావల్ల కాదు. తీసుకెళ్ళకపోతే మానెయ్. నేను నిన్ను అడగడం లేదు, నీకు చెబుతున్నాను. అవతలి రేవులో పడవకు మనిషి కావాలట. పొద్దున్నే వెళ్తున్నా. తమ్ముడికి ఈత నేర్పు, వాడికి రాదు.”

ఇది వ్రాసిన మనిషినా, ఆడమనిషి మాట ఎన్నడూ వినలేదన్నావు? చివరి వాక్యం మళ్ళీ చదువు. అంత కోపంలోనూ తమ్ముడికి ఈత రాదని గుర్తుపెట్టుకున్న పిల్ల అది. ఆ వాక్యం మీద నా పెన్సిలు రెండుసార్లు నడిచింది. ఒక్కసారి గీస్తే ఇంకా చదవడానికి వస్తోందని రెండోసారి గీశాను. ఈ మాటలన్నీ కోసి, బుడగలో “సరే నాన్నా” అని దిద్దినదీ నేనే.

ఇప్పుడు నువ్వు చేయవలసిన పని. వ్యాసంలో కోపం ఆవగింజంత కూడా తగ్గించకు. ఆ కోపం న్యాయమైనది. నాకు ఆ వయసులో రావలసి ఉండి రానిది. దాన్ని మాస్టారి మీదనుంచి తీసి నామీద పెట్టు. “మా అమ్మమ్మ కోసింది” అని వ్రాయి. “పరిస్థితులు”, “ఆ రోజుల్లో” లాంటి మాటలు నా పక్కన పెట్టకు. ముత్యాల మాట కొట్టెయ్యి. ఆ వెకిలి ప్రశ్న తీసేసి, దాని బదులు పడవ పిల్ల మాటలు మొదటినుంచి చివరిదాకా చదువు. ఆ అక్కగారు ఉన్నారో లేరో నాకు తెలియదు. లేకపోతే కనీసం ఆయనైనా వినాలి.

గురువారం నేను వస్తున్నాను. మీ అమ్మకు చెప్పకు, తోడు పంపిస్తానంటుంది. మొదటి బస్సుకు బయలుదేరితే పదిన్నరకు మీ కాలేజీ గేటు దగ్గర ఉంటాను. ఎదురు రావద్దు, దారి అడిగి వస్తాను. అసలు కాగితం నాతో తెస్తున్నాను. అది ఆయనది, ఆయనకు ఇవ్వాలి. సభలో నన్ను చూసి జాలిపడి ఒక్క వాక్యం మింగావంటే అక్కడే లేచి నిలబడి చదవమంటాను, నీ పరువు సంగతి చూడను.

నువ్వు చదవడం అయిపోయాక ఆయన నన్ను ఏమంటారో నాకు తెలియదు. ఏమీ అనకపోవచ్చు. అంటే మాత్రం నువ్వు మధ్యలో కల్పించుకోవద్దు, మంచినీళ్ళు అందించవద్దు, కుర్చీ వేయవద్దు. ఆయన ఎంతసేపు మాట్లాడితే అంతసేపు నిలబడి వింటాను.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని
నీ అమ్మమ్మ