గుమ్మడి పిందె

రాజవ్వా,

వాంతులు, భేదులతో మన బిడ్డను పడేసిన గత్తర, దానికి సేవ చేసిన నీకు అంటింది. బిడ్డ బతికింది, నువ్వు పోయావు. నువ్వు దాచిపోయిన గుమ్మడి గింజల్లో ఒక్కటే మొలిచింది.

ఈ ఉదయం ఆ తీగకు మొదటి ఆడపువ్వు విచ్చింది. మన ఊరు బిలోలి అంతటా ముసురు, తేనెటీగల జాడ లేదు. నీలాగే మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ అద్దాను.

"బాపూ, పువ్వు కింద పిందె సూడు" అంటూ బిడ్డ వేలు చూపింది. వేలు చూపితే పిందె మురిగిపోతుందని నువ్వంటే నవ్వేవాణ్ణి. ఇవాళ దాని చేతి మీద కొట్టాను.

అది వేలు కొరుక్కుంటూ, "అవ్వ లెక్కనే గిది గూడ నా వల్లనే పోతదా?" అంది.

ఆ మాట దాని ముందు నేనెప్పుడూ అనలేదు. పిందె నిలిచేదీ రాలిపోయేదీ నాలుగు రోజుల్లో తేలుతుంది. రాలితే బిడ్డ కంట పడకూడదు. రోజూ అది లేవకముందే వెళ్ళి నేనే చూడాలి.