పట్టీ కింద రబ్బరు

బావా,

మనిద్దరం సొంతంగా కట్టుకున్న చిన్న విమానానికి ఈరోజు కొత్త ట్యాంకు బిగించాను. సబ్బవరం షెడ్డులో గంటసేపు ఇంజను నడిపినా ఒక్క చుక్క పెట్రోలు కారలేదు. ఈసారి ఇనుప పట్టీల కింద దళసరి రబ్బరు వేశాను. ఇంజను అదురు నేరుగా రేకుకు తగలదు.

అక్క వచ్చి చూసింది. "ఈ వెల్డింగ్ ఎవులు సేసినార్రా? మీ బావ ఏసిన అతుకు నిలబడనేదు కదా," అంది.

పాత ట్యాంకు కారిన రోజు అందరి ముందూ నిన్ను ఎగతాళి చేసింది నేనే. "ఏటి బావా, నీ వెల్డింగు సేపల గంపనాగ కారతంది!" అన్నాను. నువ్వు నవ్వేశావు. మళ్లీ వెల్డింగ్ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం ట్యాంకు విప్పి చూస్తే నీ అతుకు చెక్కుచెదరలేదు. నేను రబ్బరు వేయకుండా బిగించిన పట్టీ కిందే రేకు చీలింది. రోజూ లెక్కలు రాసుకునే పుస్తకంలో కూడా ఆ మాట రాయలేదు. నువ్వు చనిపోయేదాకా నీకూ చెప్పలేదు.

ఈరోజు అక్కకు చెప్పాను.

"ఆ అతుకులో ఎక్కడ తప్పినానో అని ఆకరి జొరంలో కూడా అనీవోరురా," అంది.